రెండో పాస్‌వర్డ్

సోమవారం పొద్దున రోవెనా ఆఫీసు తలుపు తీసేసరికే ఆమె ఫోన్లో మనోంగ్ దెల్ఫిన్ పంపిన మెసేజీలు తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదీ ఒకే సంగతి మీద. యాప్ బొమ్మలో పడవ ఎడమవైపుకి పోతోంది, అది కుడివైపుకి పోవాలి, ఎందుకంటే గిమారాస్ దీవి కుడివైపునే కదా ఉంది.

ఎటు తిరిగి నిలబడితే కుడి అని అడుగుదామనుకుని రాసింది. చెరిపేసింది. ఫ్యాను వేసి, కిటికీ తెరిచి, కింద బత్‌చోయ్ నూడుల్స్ సూపు కొట్టులో ఎముకలు మరుగుతున్న వాసన పీల్చుకుంటూ కుర్చీలో కూలబడింది. బొమ్మ మార్చమనడం ఇది నాలుగోసారి. మొదట రంగు బాలేదన్నాడు, తర్వాత పడవ చిన్నదైందన్నాడు, మూడోసారి జెండా కావాలన్నాడు.

ఇలోయిలో రేవునుంచి గిమారాస్‌కి మనుషుల్ని దాటించే మోటారు పడవల వాళ్లు పెట్టుకున్న సహకార సంఘం అది. దెల్ఫిన్ గికానో దానికి చైర్మన్. అందరూ ఆయన్ని మనోంగ్, అంటే పెద్దన్న, అని పిలుస్తారు. అరవై దాటినా పాత సరంగు గొంతు, పాత సరంగు పొట్ట. యాప్ పేరు తాబోక్, అంటే దాటడం. ఏ పడవ ఎప్పుడు కదులుతుంది, ఎన్ని చోట్లు ఖాళీ ఉన్నాయి, గాలి ఎక్కువై తీరరక్షకులు పడవలు ఆపేశారా లేదా, ఇవన్నీ అందులో కనిపిస్తాయి. పదకొండు వేల మంది ఫోన్లలో ఉంది. దీవిలోంచి రోజూ కాలేజీకి వచ్చే పిల్లలు, ఆసుపత్రికి వచ్చే ముసలివాళ్లు, మామిడిపళ్ల బుట్టలతో వచ్చే ఆడవాళ్లు దాన్ని చూసుకునే ఇంట్లోంచి బయల్దేరతారు.

ఐదేళ్లుగా ఆ యాప్‌ని ఎవరూ ముట్టుకోలేదు. వేళలు మారితే రోవెనా సర్వర్లో మార్చేది, అంతే. టికెట్ల కిటికీ దగ్గర కూర్చోవడానికి ఉద్యోగంలో చేరిన మనిషి, దీన్ని కట్టిన కుర్రాడు చెప్పాపెట్టకుండా మానేసి వెళ్లిపోతే ఆ బల్ల దగ్గరికి వచ్చిపడింది. వీడియోలు చూసి, సాయంత్రం క్లాసులకి వెళ్లి, తప్పులు చేసి నేర్చుకుంది. కొత్త ఫోన్లు కొన్నవాళ్లకి తాబోక్ దొరకడం లేదని ఏడాదిగా ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు యాప్ స్టోరు నుంచి ఆఖరి హెచ్చరిక వచ్చింది. శుక్రవారం లోగా కొత్త నిబంధనల ప్రకారం తయారుచేసి పంపకపోతే యాప్‌ని పూర్తిగా తీసేస్తారు.

మూడు నెలలు కూర్చుని కోడ్ అంతా తిరగరాసింది రోవెనా. అది ఒక కష్టం. రాయడం అయ్యాక బయటికి పంపడం ఇంకో కష్టం అని ఆమెకి ఆ వారమే తెలిసింది. ఫోన్ తెరల ఫొటోలు ఫలానా కొలతలో ఉండాలి. ఒక కొలతలో పంపితే చిన్నవన్నారు, ఇంకో కొలతలో పంపితే పొడుగన్నారు. జనం వివరాలు మీరేం చేస్తారో ఒక పేజీ రాసి పెట్టమన్నారు. ఆ పైన ఒక పెద్ద ప్రశ్నాపత్రం. అది నింపుతుంటే దెల్ఫిన్ వెనకనుంచి తొంగిచూశాడు.

"ఏంటి ఇందాయ్, ఏమడుగుతున్నారు?" ఆయన రోవెనాని ఎప్పుడూ ఇందాయ్ అనే పిలుస్తాడు, చిన్నమ్మాయిని పిలిచినట్టు. ఆమెకి ముప్ఫై ఆరేళ్లు.

"ఈ యాప్‌లో జూదం ఉందా అని అడుగుతున్నారు మనోంగ్."

"వర్షాకాలంలో పడవెక్కడం జూదం కాకపోతే ఏంటి? ఉందని రాయి."

"మనోంగ్, దయచేసి వెళ్లి కాఫీ తాగండి."

"తాగే వచ్చా. మరి నా ఫొటో మొదటి తెర మీద పెట్టావా?"

"మొదటి తెర ఒక్క సెకను కనిపిస్తుంది. ఆ సెకనులో మీ ఫొటో చూసి ఎవరికేం ఒరుగుతుంది?"

"ఒక్క సెకను చాలు. నన్ను అందరూ గుర్తుపడతారు."

ఆ ఫొటో పెట్టలేదు. పడవని మాత్రం కుడివైపుకి తిప్పింది, ఎందుకంటే తిప్పకపోతే ఆయన అక్కడినుంచి కదిలేలా లేడు. మంగళవారం మధ్యాహ్నానికి అంతా సిద్ధమైంది. ఒక కొత్త సంతకపు కీ తయారుచేసి, దానితో యాప్‌కి సంతకం పెట్టి స్టోరుకి ఎక్కించింది. నీలం గీత నిండుతూ పోయి, చివరికొచ్చి, ఎర్రబడింది. ఈ సంతకం ఇదివరకటి సంతకంతో సరిపోవడం లేదు.

ఆమె మళ్లీ ఎక్కించింది. మళ్లీ ఎర్రబడింది.

అప్పుడు మొదలైంది అసలు తలనొప్పి. దెల్ఫిన్‌కి సంగతి చెప్పాల్సి వచ్చింది.

"సంతకమే కదా," అన్నాడాయన, చొక్కా జేబులోంచి పెన్ను తీస్తూ. "ఎక్కడ పెట్టాలో చూపించు. సంఘం ముద్ర కూడా వేస్తా."

"అలాంటి సంతకం కాదు మనోంగ్. ఇదొక ఫైలు. మొదటిసారి యాప్ పంపినప్పుడు ఏ ఫైలుతో సంతకం పెట్టారో ఎప్పటికీ దానితోనే పెట్టాలి. ఫోన్లు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. వేరేదానితో పెడితే ఎవరో దొంగ పంపాడనుకుని తీసుకోవు."

"మనం దొంగలం కాదని ఫోన్ చేసి చెప్పు వాళ్లకి."

"ఎవరికి?"

"ఫోన్ల వాళ్లకి!"

రోవెనా కళ్లు మూసుకుని పదివరకు లెక్కపెట్టింది. పాత యాప్ పాత పద్ధతిలో పంపినది, కీ పోతే స్టోరు వాళ్లు కూడా ఏం చేయలేరు. కొత్త పేరుతో కొత్త యాప్ పెట్టుకోవాలి. పదకొండు వేల మందికి ఒక్కొక్కరికీ పాతది తీసేసి కొత్తది వేసుకోండని చెప్పాలి. అందులో సగంమందికి ఆ యాప్ వేసిపెట్టింది టికెట్ల కిటికీ దగ్గర తనే.

బుధవారం పొద్దుటినుంచి పాత కంప్యూటర్‌ని తిరగేసింది. 'కొత్త ఫోల్డర్', 'కొత్త ఫోల్డర్ 2', 'కొత్త ఫోల్డర్ 2 కాపీ'. ఒకదాంట్లో ఎవరిదో పెళ్లి ఫొటోలు. ఒకదాంట్లో 'ఆఖరిది', 'నిజంగా ఆఖరిది', 'ఇదే' అని మూడు కీ ఫైళ్లు. పైపైన చూసి పోల్చుకోవడానికి ప్రతి కీకీ వేలిముద్ర లాంటి ఒక పొడుగాటి అంకెల వరుస ఉంటుంది. మూడింటినీ ఒక్కొక్కటిగా స్టోరులో ఉన్న వరుసతో పోల్చింది. 'ఇదే' అన్నది అది కాదు. 'నిజంగా ఆఖరిది' కాదు. 'ఆఖరిది' అన్నదే సరిపోయింది.

ఫైలు దొరికింది, తాళం వేసిన పెట్టెలా. దానికి పాస్‌వర్డ్ కావాలి.

పాస్‌వర్డ్ తెలిసినవాడు ఎల్మార్ కతాల్బాస్ ఒక్కడే. యాప్ కట్టినవాడు. అది మొదలైన నాలుగు నెలలకే ఒకరోజు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఇప్పుడు గిమారాస్‌లో, సిబునాగ్ వైపు కొండవాలు మీద భార్యతో కలిసి మామిడితోట చూసుకుంటున్నాడని విన్నారు. రోవెనా పంపిన మెసేజీలు అతనికి చేరినట్టు కూడా కనిపించలేదు. పోతూ పోతూ ఒక్క కాగితం ముక్క మీదైనా రాసిపెట్టి పోకూడదా అని ఈ ఐదేళ్లలో అతన్ని ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు. ఆ రోజు ఇంకో పదిసార్లు తిట్టుకుంది.

"రేపు పొద్దున మొదటి పడవకి వెళ్తా," అంది.

"నేనూ వస్తా," అన్నాడు దెల్ఫిన్.

"మీరెందుకు మనోంగ్? ఎండ."

"చైర్మన్ వస్తేనే ఆ పిల్లాడు మాట వింటాడు."

చైర్మన్ వస్తే ఆ పిల్లాడు అసలు మాట్లాడతాడా అని రోవెనాకి అనుమానం. కానీ పడవలన్నీ ఆయన మనుషులవే, ఆయన్ని ఎక్కనివ్వకుండా ఆపేదెవరు?

గురువారం జోర్డన్ రేవులో దిగి, ట్రైసికిల్ మీద గంటసేపు ఎముకలు కదిలేలా ప్రయాణించి, చివరి మలుపునుంచి నడిచారు. దెల్ఫిన్ దారి పొడుగునా చెమట తుడుచుకుంటూ, ఈ వాలు తన చిన్నప్పుడు ఇంత నిటారుగా లేదని అంటూనే ఉన్నాడు. తోటలో పెద్ద మామిడిచెట్టుకి ఆనించిన పొడుగాటి వెదురు నిచ్చెన మీద, ఎక్కడో ఆకుల్లో, రెండు కాళ్లు కనిపించాయి. ఎల్మార్ పాత వార్తాపత్రికల సంచులు పిందెలకి ఒక్కొక్కటిగా తొడుగుతున్నాడు.

"ఎల్మార్! దిగు!" అని అరిచింది రోవెనా.

పైన ఆకులు కదిలాయి. తర్వాత, "మనాంగ్ వెంగ్? మీరా? ఇంకో కొమ్మ ఉంది. అదయ్యాక దిగుతా," అని వినిపించింది. మనాంగ్ అంటే అక్క; రోవెనాని పాతవాళ్లందరూ వెంగ్ అనే అంటారు.

"తోతో, మేం వచ్చింది నీ కాయలు చూడ్డానికి కాదు," అన్నాడు దెల్ఫిన్, చిన్నపిల్లాణ్ని పిలిచినట్టు.

కాళ్లు కదలడం ఆగిపోయింది. "మనోంగ్ కూడా వచ్చారా?"

"వచ్చా. దిగు."

"అయితే ఇంకో రెండు కొమ్మలున్నాయి."

నిజంగానే రెండు కొమ్మలు పూర్తిచేసి దిగాడు. ఎండకి నల్లబడి, చేతులు గీసుకుపోయి, పాతకాలపు ఆ పాలిపోయిన ఆఫీసు కుర్రాడిలా లేడు. నవ్వలేదు, కసురుకోలేదు. ఇంట్లోకి తీసుకెళ్లి వెదురు బల్ల మీద కూర్చోబెట్టాడు. అతని భార్య గ్లెండా చల్లటి నీళ్లు, కొబ్బరాకులో చుట్టి ఉడికించిన బంకన్నం తెచ్చిపెట్టి వంటింట్లోకి వెళ్లింది. కరెంటు పొద్దుటినుంచే లేదు. రోవెనా ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే బ్యాటరీ ముప్ఫై ఒక శాతం ఉంది.

సంగతంతా గబగబా చెప్పింది. ఎల్మార్ విని తల గోక్కున్నాడు.

"పాస్‌వర్డ్ రాసిపెట్టలేదా నేను?"

"ఎక్కడ రాసిపెట్టావ్? చెప్పు, ఎక్కడ? నిన్నంతా ఆ కంప్యూటర్లో ఎవరి పెళ్లి ఫొటోలో చూస్తూ కూర్చున్నా!"

"అవి మావే మనాంగ్."

వంటింట్లోంచి గ్లెండా, "బాగున్నాయా?" అని అడిగింది.

"ఎల్మార్," అంది రోవెనా పళ్ల బిగువున. "పాస్‌వర్డ్."

అతను దెల్ఫిన్ వైపు చూశాడు, మళ్లీ బల్ల వైపు చూశాడు. "కాగితం మీద రాసిస్తాను. ఆఫీసుకి వెళ్లాక కొట్టండి."

"కుదరదు. ఇక్కడే తెరుచుకోవాలి, నా కళ్లతో చూడాలి. ఒక అక్షరం తేడా వస్తే మళ్లీ ఈ కొండ నేనెక్కలేను. రేపు శుక్రవారం."

"అయితే మనోంగ్ కాసేపు బయట నీడలో కూర్చుంటే..."

"నేనెందుకు కూర్చోవాలి?" దెల్ఫిన్ లేచి నిలబడ్డాడు. "అది సంఘం ఆస్తి. చైర్మన్‌ని నేను. నాకు తెలియకూడని పాస్‌వర్డ్ ఏంటసలు? చెప్పు. నా ముందే చెప్పు."

"వద్దు మనోంగ్."

"చెప్పు తోతో!"

వంటింట్లోంచి పళ్లెం ఏదో కిందపడ్డ చప్పుడు, ఆ వెంటనే గ్లెండా నవ్వు ఆపుకోలేక దగ్గుతున్న చప్పుడు వినిపించాయి. ఆమెకి తెలుసన్నమాట. ఎల్మార్ గాలి పీల్చుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"ఉబ్బుచేప దెల్ఫిన్."

ముట్టుకుంటే చాలు, గాలి మింగి బంతిలా ఉబ్బే చేప అది. తింటే విషం. వలలో పడితే పడవవాళ్లు దాన్ని కాలితో తన్ని నీళ్లలో పడేస్తారు. దెల్ఫిన్‌కి ఆ చేప గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

రోవెనా వేళ్లు మీటల మీద ఉన్నాయి. అడగక తప్పదు. గొంతు వీలైనంత మామూలుగా పెట్టుకుని అడిగింది. "రెండు మాటలూ కలిపేనా, మధ్యలో ఖాళీ ఉందా?"

"కలిపే."

"ఉబ్బుచేపకి మొదటిది పెద్దక్షరమా?"

"పెద్దదే."

"మరి... మనోంగ్ పేరు?"

ఎల్మార్ నోట్లోనే అన్నాడు. "చిన్నక్షరం."

"ఏంటి?" అన్నాడు దెల్ఫిన్.

"చిన్నక్షరం మనోంగ్."

"చేపకి పెద్దక్షరం, నాకు చిన్నదా?"

రోవెనా కింది పెదవిని పళ్లతో నొక్కిపట్టి కొట్టింది. పెట్టె తెరుచుకుంది. తెర మీద వరుసలు దొర్లాయి. దెల్ఫిన్ మొహం నిజంగానే ఎర్రగా ఉబ్బింది. ఏదో అనబోయాడు, అంటే ఇంకా ఉబ్బినట్టు ఉంటుందని తోచిందో ఏమో, టోపీ తీసుకుని విసవిసా బయటికి వెళ్లిపోయాడు. వాకిట్లో ఆయన అటూ ఇటూ తిరుగుతున్న అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఇక వారం రోజులు నా ప్రాణం తీస్తాడు," అంది రోవెనా. "నువ్వు హాయిగా చెట్టెక్కుతావు." యాప్‌కి సంతకం పెట్టమని కంప్యూటర్‌కి చెప్పింది. అది ఆగి ఇంకో ప్రశ్న వేసింది. పెట్టె తెరిచావు సరే, పెట్టెలో ఉన్న కీకి వేరే పాస్‌వర్డ్ ఉంది, అదివ్వు.

"ఇంకోటి కూడా ఉందా? దేవుడా! బ్యాటరీ ఇరవై నాలుగు. ఏంటది?"

ఎల్మార్ చెయ్యి చాపాడు. "ఇటివ్వండి మనాంగ్, నేను కొడతా."

"నువ్వు కొడితే వచ్చేసారి? మళ్లీ నిన్ను చెట్టు దింపడానికి రావాలా? చెప్పు, రాసుకుంటా."

"మార్చి వేరేది పెట్టిస్తా. ఒక్క నిమిషం ఇవ్వండి."

"మళ్లీ మనోంగ్ మీదేనా? ఆయన బయటున్నాడు. నేనేం చెప్పనులే."

"మనోంగ్ మీద కాదు."

"ఎవరి మీదైతే నాకేంటి? మూడు రోజులుగా నిద్ర లేదు నాకు. ఆ బొమ్మ నాలుగుసార్లు మార్చా. ఎవడో పోతూ పోతూ ఒక్క ముక్క చెప్పకుండా పోతే ఐదేళ్లు నేను..."

"వెంగ్ నోరు మెదపలేదు," అన్నాడు ఎల్మార్.

"మెదపకపోవడమేంటి, అరుస్తూనే ఉన్నా కదా!"

"అదే మనాంగ్. అదే పాస్‌వర్డ్."

తన పేరులోని మొదటి అక్షరం అప్పటికే కొట్టేసింది ఆమె. వేళ్లు ఆగిపోయాయి.

ఐదేళ్ల కిందట రేవులో పందిరి వేసి తాబోక్‌ని ప్రారంభించారు. యాప్ ఇంకా స్టోరుకి పంపనే లేదు. కానీ దెల్ఫిన్ ముహూర్తం పెట్టేశాడు, మేయరుగారి మనుషుల్ని పిలిచేశాడు. మైకు పట్టుకుని, దీన్ని రాత్రింబవళ్లు కష్టపడి తయారుచేసింది మా మేనల్లుడు రెనాన్ అని చెప్పాడు. రెనాన్ చేసింది పడవ బొమ్మ గీయడం ఒక్కటే. అందరూ చప్పట్లు కొట్టారు. దెల్ఫిన్ టికెట్ల కిటికీ వైపు తిరిగి, "ఏం ఇందాయ్, పక్కనే ఉండి చూశావుగా, ఎంత కష్టపడ్డాడో?" అని మైకులోనే అడిగాడు. ఐదు నెలలు ఎల్మార్ పక్కన కూర్చుని ఏ పడవ ఎప్పుడు కదులుతుందో, ఏ సరంగు ఎప్పుడూ ఆలస్యమో చెప్పింది రోవెనా. అతను భోజనం మర్చిపోతే కింద కొట్టునుంచి గిన్నె తెచ్చి పెట్టింది రోవెనా. ఆ క్షణాన ఎల్మార్ ఆమె వైపే చూస్తున్నాడని ఆమెకి తెలుసు. చేతిలో నూడుల్స్ పళ్లెం ఉంది. దాన్లోకి చూస్తూ నిలబడింది. ఆ మధ్యాహ్నమే ఎల్మార్ ఆఫీసుకి వెళ్లి కీ తయారుచేసి, సంతకం పెట్టి, యాప్‌ని పంపాడు.

"అప్పుడు నా ఉద్యోగం..." అని మొదలుపెట్టింది. ఆ వారమే ఆమెని ఉద్యోగంలో శాశ్వతం చేయాల్సిన కాగితం దెల్ఫిన్ బల్ల మీద ఉంది. అది నిజమే. కానీ మాట బయటికి వస్తుంటేనే ఆమెకే బాగాలేదు, మధ్యలో ఆపేసింది.

"కోపంలో పెట్టా మనాంగ్," అన్నాడు ఎల్మార్. "తర్వాత మర్చిపోయా."

"మర్చిపోతే ఇప్పుడు ఒక్క అక్షరం తడుముకోకుండా ఎలా చెప్పావ్?"

అతను చేతి మీద ఎండిపోయిన మామిడిజిగురు గోటితో గీకుతూ కూర్చున్నాడు.

"అవును," అంది రోవెనా చివరికి. "మెదపలేదు. నువ్వు చూస్తున్నావని తెలిసి కూడా మెదపలేదు." తెర వైపు తిరిగి, "పెద్దక్షరాలు ఎక్కడెక్కడ?" అని అడిగింది.

"మీ పేరుకి మాత్రమే."

ఒక్కొక్క అక్షరం తనే కొట్టింది. కంప్యూటర్ కాసేపు ఆలోచించింది, సంతకం పడింది. అంకెల వరుస పోల్చి చూసింది. సరిపోయింది. బ్యాటరీ పంతొమ్మిది. మూడు రోజులుగా ఈ క్షణం కోసం పళ్లు కొరుక్కున్న మనిషికి సంతోషం రావాలి. అలసట మాత్రమే వచ్చింది.

బయల్దేరేటప్పుడు గ్లెండా ఒక సంచిలో పచ్చి మామిడికాయలు పెట్టిచ్చింది. ఎల్మార్ మలుపు దాకా వచ్చాడు. మళ్లీ ఆఫీసుకి ఎప్పుడైనా రా అని రోవెనా అంది. "చూద్దాం," అన్నాడు, రాననేదాన్ని మర్యాదగా చెప్పినట్టు.

జోర్డన్ రేవుకి చేరేసరికి గాలి లేచింది. తీరరక్షకులు పడవలు ఆపేశారు. రోవెనా ఫోన్లో పాత తాబోక్ మాత్రం అన్ని పడవలూ నడుస్తున్నాయని పచ్చరంగులో చూపిస్తోంది. కొత్తదాంట్లో ఆమె సరిచేసిన తప్పుల్లో అదొకటి. బెంచీ మీద చైర్మన్, ఆమె, మధ్యలో మామిడికాయల సంచి. అప్పటిదాకా ఒక్క ముక్క మాట్లాడని దెల్ఫిన్ నీళ్ల వైపు చూస్తూ అడిగాడు.

"నిజంగా నేను అంత ఉబ్బుతానా?"

కాదని అనడం చాలా తేలిక. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"ఉబ్బుతారు మనోంగ్."

ఆయన గిరుక్కున తిరిగాడు.

"ఆ యాప్ కట్టింది ఎల్మార్. ఒక్కడే కట్టాడు. రెనాన్ బొమ్మ గీశాడంతే, అది కూడా పడవ తప్పు దిక్కుకి పోయేలా గీశాడని మీరే తిప్పించారు. ఆ రోజు మైకులో మీరు చెప్పింది అబద్ధం. నాకు తెలుసు, మీకూ తెలుసు."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా అతను!"

"అతనే చెప్పుకుంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉండేది. నన్ను అడిగారు మీరు. నేను చెప్పాల్సింది. చెప్పలేదు."

"ఇప్పుడు చెప్తున్నావ్," అన్నాడు దెల్ఫిన్ కోపంగా. "ఐదేళ్లయ్యాక, కడుపులో ఏమీ లేనప్పుడు, గాలిలో!"

"అవును. ఇప్పుడు చెప్తున్నా."

ఆయన సంచిలోంచి ఒక మామిడికాయ తీసి, చొక్కాకి తుడిచి, కొరికి, పులుపుకి మొహం వికారంగా పెట్టాడు. రెండు గంటల తర్వాత పడవలు వదిలారు. ఇలోయిలో రేవులో దిగాక మాత్రం వెనక్కి తిరిగి, "ఆ పాస్‌వర్డ్ రేపే మార్చు," అన్నాడు.

"మారుస్తా."

"మార్చి నాకు చూపించు."

గురువారం సాయంత్రమే యాప్‌ని ఎక్కించింది. శుక్రవారం మధ్యాహ్నం దాకా స్టోరు వాళ్లు ఏమీ తేల్చలేదు. మధ్యలో ఒకసారి, ఒక ఫొటో కొలత తప్పిందని వెనక్కి పంపారు. ఆ ఫొటో ముందు వాళ్లే బాగుందన్నది. రోవెనా బల్ల మీద తల ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది, తర్వాత లేచి దాన్ని కత్తిరించి మళ్లీ పంపింది. నాలుగు దాటాక అనుమతి వచ్చింది. శనివారం పొద్దున్నకి మూడు వేల ఫోన్లు కొత్త తాబోక్‌ని తీసుకున్నాయి. మొదటి అభిప్రాయం ఒక కాలేజీ పిల్ల రాసింది. పాత బొమ్మే బాగుంది, పడవ ఎందుకు తిప్పారు అని.

పెట్టె పాస్‌వర్డ్ మార్చి దెల్ఫిన్‌కి చూపించింది. లోపలి కీ పాస్‌వర్డ్ గురించి ఆయనకి తెలియదు, ఆమె చెప్పలేదు, మార్చనూ లేదు. మారుద్దామని రెండుసార్లు కూర్చుంది, రెండుసార్లూ వేరే పని చూసుకుంది.

సోమవారం ఎవర్నీ అడక్కుండా యాప్‌లో 'మా గురించి' అన్న పేజీలో ఒక వాక్యం చేర్చింది. ఈ యాప్‌ని మొదట రూపొందించి కట్టినవారు ఎల్మార్ కతాల్వాస్. ఒక్క వాక్యం కోసం వెర్షన్ అంకె పెంచి, మళ్లీ కట్టి, మళ్లీ రెండు పాస్‌వర్డ్‌లూ కొట్టి, మళ్లీ ప్రశ్నాపత్రం నింపి పంపింది. దెల్ఫిన్ గురువారం దాన్ని చూశాడు. ఫోన్ దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివాడు. తీసేయమంటాడని రోవెనా సమాధానం సిద్ధం చేసుకుని కూర్చుంది. ఆయన గొణుక్కుంటూ, "అక్షరాలు మరీ చిన్నవి, నా కళ్లకి కనబడవు," అని ఫోన్ ఇచ్చేసి వెళ్లిపోయాడు.

ఆమె ఆ పేజీ ఫొటో తీసి ఎల్మార్‌కి పంపింది. కొండమీద సిగ్నల్ ఎప్పుడు దొరికిందో, రెండు రోజులకి జవాబు వచ్చింది.

"చూశాను మనాంగ్. గ్లెండా వాళ్ల అమ్మకి కూడా చూపించింది. చాలా థాంక్స్. చెప్పకూడదు కానీ, మా ఇంటిపేరు కతాల్వాస్ కాదు, కతాల్బాస్."

రోవెనా ఆ మెసేజ్‌ని మూడుసార్లు చదివింది. ఐదు నెలలు పక్కన కూర్చుంది, ఐదేళ్లు తిట్టుకుంది, పేరు సరిగ్గా రాయలేకపోయింది. ఫ్యాను దగ్గరికి జరుపుకుని, కింద కొట్టుకి ఫోన్ చేసి ఒక గిన్నె బత్‌చోయ్ పైకి పంపమంది. తర్వాత వెర్షన్ అంకె ఇంకొకటి పెంచింది.